చాలూ అన్న మాట

ఇరవై ఏళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీ కాలనీలో మొక్కల కోసం ఒక అద్దాల ఇల్లు ఉండేది. ఎనభైల్లో ఓ పెద్ద ఆఫీసరు ముచ్చటపడి కట్టించాడు. మొదట నాలుగు క్రోటన్లు, తరువాత కేరళ నుంచి ఆర్కిడ్లు, ఆంథూరియాలు వచ్చాయి. ఆదివారాలు అందరికీ తలుపులు తీసేవాళ్ళం. సంగారెడ్డి నుంచి కూడా జనం వచ్చేవారు. కాకినాడ నుంచి డిప్లొమాతో వచ్చిన నేను సూపర్‌వైజర్ని. పక్క ఊరు చిట్కుల్ రైతు మల్లయ్య మాలి.

వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని మల్లయ్య దగ్గరికి పోయేవారు. మూడేళ్ళు మొండికేసిన ఆర్కిడ్ అతని చేతిలో పూసింది. "మల్లయ్య చెయ్యి మంచిదండీ" అంది మా ఆవిడ. ఆ పూట నాకు అన్నం సహించలేదు. కుళ్ళు. దానికి ఇంకో పేరెందుకు?

ఒక వేసవిలో అతని అన్న కూతురి పెళ్ళి వచ్చింది. వెళ్తూ చెప్పాడు.

"రెండొద్దులు నేను రానన్నా. ఎండ ఎక్కంగనే తుంపర పంపు చాలూ చెయ్. మొక్కలు పైలం."

"సరే" అన్నాను.

అక్కడ చాలూ చెయ్యడమంటే నడపడం, ఉర్దూ మాట. మా వైపు చాలు అంటే ఇక వద్దని. వచ్చి ఆరేళ్ళయిన నాకు ఆ తేడా తెలియదా? మొదటి మధ్యాహ్నానికే ఆకులు వాలాయి. చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది కూడా, కానీ తిరిగొచ్చి వీటిని చూసినప్పుడు మల్లయ్య మొహం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించి, అది పాపమని తెలిసి తెలిసే, వెనక్కి తీసుకున్నాను. రెండో రోజుకి అన్నీ మాడిపోయాయి.

"చాలు చెయ్ అన్నాడండీ, ఆపేశాను" అన్నాను ఆఫీసరుతో. ఆయనా మా వైపు మనిషే. నవ్వేసి, మల్లయ్యను గేటు దగ్గర గడ్డి కోతకు మార్చాడు. మల్లయ్య నన్ను అనుమానించినా బాగుండేది.

"తప్పు నాదేనన్నా. నీకు సమజయ్యేటట్టు చెప్పకపోతిని" అన్నాడు.

తరువాత మా మాట నేర్చుకున్నాడు. గేటు దగ్గర నన్ను చూస్తే లేచి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ "నీళ్ళు పెట్టమంటారాండీ" అనేవాడు. అన్నా అనడం మానేశాడు. అద్దాల ఇల్లు రెండేళ్ళకి మూతపడింది, ఇప్పుడక్కడ స్కూటర్ల షెడ్డు. మల్లయ్య ఎలా ఉన్నాడో కనుక్కోలేదు. చిట్కుల్ ఎంత దూరమని?

క్షమించమని అడగను. చాలూ అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలుసు మల్లయ్యా.