పర్సు తెరిస్తే వినిపించిన గొంతు

మొన్న అత్తాపూర్‌లో కళ్లద్దాల దుకాణానికి వెళ్లినప్పుడు, నా ఈడు ఆవిడ ఒకరు ఫ్రేము ఎంచుకుని, తీరా డబ్బులిచ్చే వేళకు వెనక నుంచి ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడి, పర్సు గుండెకు హత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. దుకాణమతను నవ్వాడు గానీ నాకు ఒళ్లు జలదరించింది.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో మేము తొండుపల్లిలో ఉండేవాళ్లం. పొలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది, మా ఆయన విమానాశ్రయంలో తోటపనికి కుదిరాడు, దేనికీ లోటు లేదు. అయినా పొలం పోయిన నాటి నుంచి మా అత్తమ్మ ఖర్చు అంటేనే వణికిపోయేది. "పొలమైతే మల్ల పండుతది, పైసలు పండుతయా?" అనేది. ఆమె పోయాక ఇనప పెట్టె తెరిస్తే, మేము పెట్టిన చీరలన్నీ మడత విప్పకుండానే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే మడతల వెంట పొడిపొడిగా చిరిగిపోయింది.

దినాలు అయిన కొన్నాళ్లకు, పట్టపగలు శంషాబాద్ బజారులో చెప్పులు బేరమాడి పర్సు తెరిచానో లేదో, కుడి చెవి పక్కన ఎంతో నిదానంగా, "ఇప్పుడేం అక్కర బిడ్డా? ఉండనీ" అని వినిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు, అత్తమ్మ వేసుకునే జర్దా వాసన తప్ప. చెప్పులు వదిలేసి వచ్చేశాను. ఆ తర్వాత సబ్బుకూ, నూనెకూ, చివరికి కూరగాయలకూ అదే గొంతు, మణికట్టు మీద ఎవరో పట్టుకున్నట్టు అదే చల్లదనం. సిగ్గు విడిచి చెబుతున్నాను, కొనకుండా వెనక్కి వచ్చిన ప్రతిసారీ నాకు హాయిగానే ఉండేది.

ఆ హాయి ఎంత చెడ్డదో, మా ఆయనకు జ్వరం వచ్చినప్పుడు తెలిసింది. మూడు రోజుల పాటు, రోజూ దవాఖానకు పోదామని సంచీ తీసి, గడప దగ్గర ఆ మాట విని, మళ్లీ లోపలికి వచ్చి కషాయం కాచాను. నాలుగో రోజు మధ్యాహ్నం రావిర్యాల నుంచి మా ఆడబిడ్డ వచ్చేసరికి ఆయన నన్ను గుర్తు పట్టడం లేదు. నా భుజం పక్కన ఖాళీ చోటుకేసి చూస్తూ, "అమ్మా, ఎప్పుడొచ్చినవే?" అన్నాడు.

ఆడబిడ్డే ఆటో పిలిచి దవాఖానకు చేర్చింది. అక్కడ డబ్బు కట్టే కిటికీ ముందు నా చెయ్యి మళ్లీ బిగుసుకుపోయింది. ఇక దాచలేక అంతా చెప్పేశాను. ఆమె నవ్వలేదు.

"మా అమ్మ నీకు చెడు జెయ్యదు వదినా, ఆమెకు భయం, గంతే. జర నిలబడు. ఊపిరి నిమ్మళంగ తీస్కో. ఆ మాటతోని కొట్లాడకు, విను. ఇన్నంక, ఈ పైసలు ఎవరి కోసమని నిన్ను నువ్వే అడుగు. జవాబు దొరికితే ఇగ ఇచ్చెయ్."

కళ్లు మూసుకుని, అరికాళ్ల కింద బండల చల్లదనం తెలిసేదాకా నిలబడ్డాను. ఉండనీ బిడ్డా, అంది గొంతు. నీ కొడుకు కోసం అత్తమ్మా, అన్నాను పైకే. కిటికీ వెనకాయన తలెత్తి చూశాడు. చాలాసేపటికి నా మణికట్టు వదులైంది, డబ్బు కట్టేశాను.

మా ఆయన పది రోజులకు కోలుకుని లేచాడు. నేను మాత్రం ఏది కొనబోయినా ఒక్క ఊపిరి ఆగి, ఎవరి కోసమని నన్ను నేను అడగడం అలవాటు చేసుకున్నాను; చెప్పులు కొన్నాను, మెరుపుల చీర వదిలేశాను. కొన్నిసార్లు అత్తమ్మ మాటే నిజమయ్యేది. రానురాను ఆ గొంతు సన్నబడి, ఏ రోజున ఆగిపోయిందో కూడా నేను గమనించలేదు.

ఇప్పుడు ఫోను చూపిస్తే చాలు, చేతికి తెలియకుండానే డబ్బు వెళ్లిపోతోంది. నేను ఒక్క ఊపిరి ఆగితే వరుసలో వెనకవాళ్లు విసుక్కుంటారు. ఆ రోజుల్లో గొంతు వినిపిస్తుందని భయపడ్డాను. కళ్లద్దాల దుకాణంలో ఆవిడకు వినిపించిందేమో గానీ, మిగతా ఇంతమందిమి ఇంత తొందరలో ఉంటే, ఎందుకు బిడ్డా అని అడిగేవాళ్లు ఒక్కరూ లేని ఈ నిశ్శబ్దమే నాకిప్పుడు ఎక్కువ భయంగా ఉంది.