శుక్రవారం పొగ

గద్వాలలో ఆ విత్తనాల కంపెనీకి మౌలాలి ఇరవై రెండేళ్లుగా కాపలాదారు. ఆఫీసు తాళాలన్నీ ఆయన నడుముకే వేలాడుతుంటాయి. మనిషి మంచివాడే, కానీ అనుమానం పుట్టిందా, ఇక అంతే సంగతులు! పాలవాడి క్యాను కూడా ఊపి చూసే రకం.

మొన్న వానాకాలంలో వెనక గదిలోకి కొత్త సర్వర్లు దిగాయి. మనిషెత్తు నల్లటి బీరువాలు, లోపల పచ్చ దీపాలు, రాత్రింబవళ్లు ఏసీ. ఏ రైతు ఏ చేలో పత్తి విత్తనం తీశాడు, ఎన్ని గింజలు మొలిచాయి, ఏ బస్తా పాసు, ఏది ఫెయిలు, అన్నీ క్షణంలో తేల్చేస్తాయట. ఇదివరకు దానికి నెల పట్టేది. వాటిని చూసుకోవడానికి వనపర్తి నుంచి రంజిత్ వచ్చాడు. చెవిలో ఎప్పుడూ వైరు, జేబులో సిగరెట్ పెట్టె. ఆ పెట్టె మౌలాలి కంట మొదటిరోజే పడింది.

వారం తిరగకముందే ఒక శుక్రవారం పొద్దున సర్వర్లు ఆగిపోయాయి. మళ్లీ వచ్చే శుక్రవారం. ఆ మరుసటి శుక్రవారమూ అంతే! మొలక ఫలితం కోసం ఇటిక్యాల నుంచి వచ్చిన రైతులు మధ్యాహ్నం దాకా మెట్ల మీద కూర్చుని, తిట్టుకుంటూ పోయారు. గదిలో పొగ తగిలితే కరెంటు తనంతట తానే తెగిపోయే ఏర్పాటు ఉంది. మూడుసార్లూ పొగ వల్లే ఆగానని మిషనే రాసిపెట్టింది.

మేనేజర్ శ్రవణ్ కుమార్ మౌలాలిని పిలిచాడు. "చాచా, పొద్దుగాల గా గదిలకు ఎవరెవరు పోతరు?"

"నేను ఏడింటికి తాళం తీస్త. ఎనిమిదింటికి రంజిత్ సాబ్ వస్తడు. ఇంకెవ్వలు రారు సార్." మౌలాలి గొంతు తగ్గించాడు. "పిలగాడు సిగరెట్ తాగుతడు. నా కండ్లతోని చూసిన."

రంజిత్ లబోదిబోమన్నాడు. "గదిల ఎన్నడు తాగలే సార్, ఒట్టు! నేనొచ్చేసరికే బంద్ అయి ఉంటది. నువ్వన్న చెప్పు చాచా!"

ఇలాంటి ఒట్లు చాలా విన్నానులే అనుకుని మౌలాలి గోడవైపు తిరిగాడు. సాయంత్రానికి రంజిత్ ఉద్యోగం ఊడింది.

తర్వాతి శుక్రవారం మౌలాలి ఎప్పటిలాగే తాళాలు తీసి, మూకుడులో నిప్పులు వేసి ఊదు చల్లాడు. శుక్రవారం గదిగదికీ ఊదు పట్టడం ఆయనకు మొదటినుంచీ అలవాటు. సర్వర్లు వచ్చాక వాటికి దిష్టి తగలకూడదని రెండు చిటికెలు ఎక్కువే వేస్తున్నాడు. బిస్మిల్లా అంటూ బీరువాల చుట్టూ పొగ పట్టి, తలుపు వేసి, పది అడుగులు నడిచాడో లేదో లోపల ఏసీ హోరు టక్కున ఆగిపోయింది.

దొరికాడురా దొంగ! పరుగున వెనక్కి వచ్చి తలుపు తీశాడు. బీరువాల వెనక చూశాడు, తలుపు చాటున చూశాడు. ఎవడూ లేడు. పచ్చ దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. చేతిలో మూకుడు మాత్రం పొగ కక్కుతూనే ఉంది.

"యా అల్లా!" అంటూ అక్కడే కూలబడ్డాడు. ఊదు పొగ కూడా పొగేనని ఆయనకు అప్పటిదాకా తట్టనే లేదు.

శ్రవణ్ కుమార్ వచ్చేసరికి మూకుడు, తాళాల గుత్తి టేబుల్ మీద పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఎవరొచ్చిన్రు చాచా?"

"ఎవ్వలు రాలే సార్. నాలుగు శుక్రవారాలు నేనే. రంజిత్ సాబ్‌కు ఫోన్ కలపుండ్రి, నేనే మాట్లాడ్త."

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు. "బేటా, గా పొగ నాదే. జర వాపస్ రా."



"గా రోజు జర నా మొఖం చూస్తే తెలుస్తుండె గద చాచా," అన్నాడు అవతల రంజిత్.