సంతోషమనడానికి భయపడిన తల్లి

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం చెప్పడానికి ఇప్పటికీ భయమే, అయినా చెప్పకుండా ఉండలేను.

యుద్ధం రోజుల్లో రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరిపీచు దంచి తాళ్లు పేనుకుని బతికేవాళ్లం. ఒకనాడు నా మొదటి బిడ్డను ఒళ్లో పెట్టుకుని, "నా అంత సుఖపడేవాళ్లు ఎవరున్నారండీ!" అని పొరుగావిడతో అన్నాను, ఆ వారంలోనే వాంతులు పట్టుకుని బిడ్డ పోయాడు. నా మాటే వాణ్ని మింగిందనుకున్నాను! తరువాత ఆడపిల్ల పుడితే, ఏ కీడూ దానివైపు చూడకూడదని చేటలో పడుకోబెట్టి, పొరుగావిడకు గుప్పెడు తవుడుకి అమ్మినట్టు అమ్మి, మళ్లీ తెచ్చుకుని తవుడమ్మ అని పేరు పెట్టాను. ఐదేళ్లపాటు దాన్ని ముద్దు పెట్టుకోలేదు, అది నవ్వితే మొహం తిప్పుకునేదాన్ని.

మా పేటకు వాక్యం చెప్పడానికి వచ్చే మరియమ్మగారు ఒకరోజు, "నీకు సంతోషమంటే ఏంటమ్మా?" అని అడిగారు.

"పొద్దుగూకేదాకా ఏ కీడూ జరక్కపోతే, అదేనండీ," అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు.

ఆ వానాకాలమే తవుడమ్మకు జ్వరం తగిలింది, కాలువ పొంగి పడవలు ఆగిపోయాయి, ఆసుపత్రికి దారి లేదు, తొమ్మిది రోజులు పిల్ల కళ్లు తెరవలేదు! మరియమ్మగారు మోకాలిలోతు నీళ్లలో నడిచివచ్చి ప్రార్థించేవారు. పదోనాడు మధ్యాహ్నం ఒళ్లంతా చెమట పట్టి జ్వరం విడిచింది, దేవునికే మహిమ! కాని నా భయం రెట్టింపైంది. "తగ్గిందమ్మా" అనబోయిన మరియమ్మగారి నోరు చేత్తో మూసేశాను. పిల్ల అది చూసింది.

"నాకు తగ్గడం నీకిష్టం లేదా అమ్మా?" అంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. "ప్రభువా, దీన్ని లాక్కుపోవడానికి నువ్వు పొంచి ఉన్నావనుకుని ఇన్నేళ్లూ బతికేను. నువ్వు ఇచ్చేవాడివని నన్ను నమ్మనియ్యి. ఇది నా దగ్గరున్నన్నాళ్లు దీన్ని చూసి సంతోషించనియ్యి తండ్రీ!" అని మొరపెట్టాను. మొదటిసారి నా బిడ్డను ముద్దు పెట్టుకున్నాను, భయపడుతూనే పెట్టుకున్నాను.

రేపు ఏమవుతుందో నాకు తెలియదు, భయం ఇప్పటికీ గుమ్మందాకా వస్తుంది, కాని ప్రభువు నన్ను దాని చేతికి అప్పగించలేదు. మీలో ఎవరైనా నవ్వడానికి భయపడి బతుకుతుంటే ఆయన దగ్గరకు రండి, ఆ భయంతోనే రండి. అదిగో, నా తవుడమ్మ పన్నెండేళ్లదై ముందు చాపమీద కూర్చుని నన్నే చూస్తోంది. మొదటి బిడ్డ పోయినప్పటినుంచి పద్నాలుగేళ్లుగా నా నోట రాని మాట, ఆయనకు స్తోత్రం చెల్లిస్తూ మీ అందరి ముందూ అంటున్నాను: తల్లీ, నిన్ను చూస్తే నాకు సంతోషంగా ఉంది.