చేప మాస్టారిది, ఉప్పు పేరమ్మది

తెనాలిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే కృష్ణకాంత్ మాస్టారికి ఒక్కటే జబ్బు. ఎవరింటికి వెళ్ళినా తిన్నగా వంటింట్లో దూరతాడు. చేతిలో ఒకే ఒక్క వస్తువు ఉంటుంది. మిగతావన్నీ ఆ ఇంటివే తీసి వండిపారేస్తాడు. రేపల్లెలో రంగనాయకులనే రైతు మినపచేను మునిగిన ఏడాది మాస్టారు మినప్పప్పు సంచీతో దిగి, వాళ్ళ రోటి ముందే కూర్చున్నాడు. ఆ ఇల్లాలు ఆ పూట తన వంటింట్లో తనే చుట్టమైంది.

ఈ కథలన్నీ విని నవ్వుకునే పేరమ్మది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు. మనవరాలు బిందు మాస్టారి దగ్గర రూబీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటోంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో 'రూబీలో ఇన్‌స్టెన్స్ ఎగ్జెక్ అంటే ఏమిటి' అన్న ప్రశ్న దగ్గర తెల్లమొహం వేసింది. సోమవారం ఇంకొకటుంది. అదీ పోతే చదువు మానేసి రొయ్యలు వలిచే షెడ్డుకు పనికి పోతానంటోంది.

సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఆదివారం మాస్టారు బొచ్చెచేప వేలాడదీసుకుని దిగాడు.

"చేపలోళ్ళ ఇంటికి చేప తెస్తారేంటి మాస్టారూ? అదీ చెరువు చేప" అంది పేరమ్మ. వారం నుంచి పచ్చిపులుసుతో తింటున్న సంగతి మాత్రం చెప్పలేదు.

"పాఠం కోసం పిన్నీ. బిందూ, పులుసు పద్ధతి నాది. అందులో 'ఉప్పు వేయి' అని ఉంది. ఎవరి ఉప్పు?"

"మీదే కదండి."

"ఇప్పుడు నేనెక్కడున్నాను?"

"మా ఇంట్లో... అయితే ఉప్పు మాదేనండి."

"కారం, చింతపండు కూడా. ఇదే పద్ధతి రేపల్లెలో నడిపితే వాళ్ళవి పడతాయి. మరి చేప?"

"మీరు చేత్తో తెచ్చారు."

"అదే ఇన్‌స్టెన్స్ ఎగ్జెక్. నా బ్లాకు, అంటే నా పద్ధతి, మీ ఇంట్లో మీ సరుకులతో నడుస్తుంది. ఆర్గ్యుమెంటు, అంటే ఈ చేప, నేను పట్టుకొస్తాను."

"మా కారం అంత గుమ్మరించకండి" అంది పేరమ్మ.

"పద్ధతిలో మూడు చెంచాలని ఉంది పిన్నీ."

ముగ్గురూ ముక్కులు తుడుచుకుంటూ తిన్నారు. సోమవారం అదే ప్రశ్న వచ్చింది. బిందు చేపల పులుసు చెప్పింది. ఉద్యోగం వచ్చింది.

పేరమ్మ ఊరుకునే మనిషి కాదు. వేట మొదలవగానే పండుగప్ప చేప పట్టుకుని తెనాలి రైలెక్కింది. మాస్టారిని వంటింట్లోంచి గెంటి, పొయ్యి వెలిగించి, ఉప్పు డబ్బా తీసింది. ఖాళీ. కారం డబ్బాలో సుద్దముక్కలు.

"ఎవరింట్లో ఏది లేదో మీకు తెలుసు. మీ ఇంట్లో లేనిది మాత్రం తెలియదేంటి?"

మాస్టారు తల గోక్కున్నాడు. "ఇంట్లో లేనిది అడిగినా రూబీ గొడవ చేయదు పిన్నీ. పులుసు చప్పగా వస్తుందంతే."

"రూబీ చేయదేమో. నేను చేస్తాను" అని పేరమ్మ చెంగు ముడి విప్పింది. అందులో ఒక ఉప్పు పొట్లం, ఒక కారం పొట్లం ఉన్నాయి. "అందుకే మూడు ఆర్గ్యుమెంట్లు తెచ్చాను."