బొటనవేలి గుర్తున్న పిడక

మా అక్కయ్య దోస విత్తనం రాజుల కాలం నాటిదని తాడేపల్లిగూడెంలో అందరికీ చెప్పుకుని తిరిగాను. ఏ రాజని ఒక్కరూ అడగలేదు గనక సరిపోయింది. అది మా అమ్మ పుట్టింటి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్న విత్తనం. నాకు తెలిసిన చరిత్ర అంతే.

గూడెంలో డాబాల మీద కూరగాయలు పెంచే మాబోటివాళ్లం ఆదివారాలు పార్కులో కలిసి విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటాం. ఇవ్వడానికి నా దగ్గర ఎప్పుడూ మాటలే ఉండేవి. ఒకసారి రిటైరైన బ్యాంకు మేనేజరు గారు కొట్లో కొన్న దోస విత్తనాల ప్యాకెట్ చూపించి, "ఇది జీఎం కాదు కదండీ?" అని అడిగారు. నేను ప్యాకెట్ వాసన చూసి, "జీఎమ్మేనండి, అనుమానం లేదు" అన్నాను. పాపం, ఆయన పారేయబోయారు.

ఇంటికొచ్చి గొప్పగా చెబితే, స్కూల్లో సైన్సు చెప్పే మా కోడలు నెత్తి కొట్టుకుంది.

"అది హైబ్రిడ్ అండి మావయ్యగారూ. రెండు రకాలను కలిపి పుట్టించింది. కాయ శుభ్రంగా తినొచ్చు. కాకపోతే దాని గింజ దాచి వేస్తే తల్లిలాంటి కాయే వస్తుందని చెప్పలేం. జీఎం అంటే వేరే జీవి జన్యువును తెచ్చి మొక్కలో పెట్టడం. మన దగ్గర పత్తిలో ఉంది గానీ దోసలో ఎక్కడిదండీ?"

మట్టిలోని ఏదో సూక్ష్మజీవి గుణం వెళ్లి పత్తి గింజలో కూర్చుందంటే నోరు తెరుచుకుని ఉండిపోయాను. అది మంచో చెడో తేల్చేంత చదువు నాకు లేదు. గింజలో అంత చోటుందా అన్నదే నా ఆశ్చర్యం. మర్నాడు మేనేజరు గారికి ఫోన్ చేసి నా ముక్కు పొరపాటు పడిందని ఒప్పుకున్నాను. "అయితే దాచుకోదగ్గ విత్తనం మీరే తెచ్చివ్వండి. మీ రాజుల కాలందే" అన్నారాయన. అలా ఇరుక్కున్నాను.

అక్కయ్యది కొల్లేటి లంక గ్రామం. ఇంటి చుట్టూ చేపల చెరువులే. మొక్క వేసుకోవడానికి చెరువు గట్టు తప్ప మట్టి లేదు. ఆ గట్టు మీదే దోసపాదులు పెడుతుంది. మొదటి కాయా ఆఖరి కాయా కాకుండా, నడుమ కాసిన నిండు కాయకు విత్తనానికని చీరపేలిక కడుతుంది. పేలిక కట్టిన కాయ జోలికి దొంగ కూడా పోడని చెబుతుంటాను. దొంగ సంగతి తెలియదు గానీ, నేను పోయి చిన్నప్పుడు తన్నులు తిన్నాను. పండాక కోసి, ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తుంది. పిసరంత చేదున్నా ఆ కాయ గేదెకే. చేదు లేని కాయ గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, పేడలో కలిపి గోడకు పిడక కొడుతుంది. పొయ్యి పిడక మీద వేళ్లన్నీ అచ్చు పడతాయి. విత్తనం పిడక మీద బొటనవేలి గుంట ఒక్కటే ఉంటుంది.

ఆ విత్తనాన్ని మాత్రం గడప దాటనివ్వదు. "దెందులూరులో ఉన్న కూతురికే ఇవ్వలేదురా, నీకిస్తానా?" అనేది.

కిందటి వానాకాలం కొల్లేరు పొంగి గట్టు మునిగింది. పాదులు కుళ్లిపోయాయి. పేలిక కట్టడానికి కాయే లేకపోయింది. గోడ మీద మిగిలింది పాత విత్తనం పిడక ఒక్కటే. అది విని, మళ్లీ వానలు పట్టిన రోజుల్లో, అడిగి చూద్దామని ఏలూరులో బస్సు మారి వెళ్లాను.

నేను వెళ్లేసరికి అక్కయ్య గట్టు చూడ్డానికి పోయింది. ఆవిడ కోడలు, పురిటికొచ్చిన తన కూతురి బిడ్డకు నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ వేద్దామని గోడ మీది పిడక ఊడదీసి కుంపట్లో నిప్పుల మీద పెట్టింది. జల్లు కొట్టి కొట్టి గోడ మీది పిడకల వేలి గుర్తులన్నీ చెరిగిపోయి, ఏది పొయ్యిదో ఏది విత్తనానిదో తెలియడం లేదు. నేను పసిదాని మొహం చూస్తూ కూర్చున్నాను.

టప్ మంది. కాసేపటికి టప్ టప్. ఆవాలు చిటపటలాడినట్టు. ఆ వెనకే వేగిన దోసగింజ కమ్మటి వాసన.

"అమ్మాయ్! ఆ పిడక ఎక్కడిది?"

"మూల గోడదండి బాబాయిగారూ. ఏమైందండీ?"

మండుతున్న పిడకను వట్టి చేత్తో లాగేశానని చాలామందికి చెప్పాను. నిజానికి నేను "నీళ్లు! నీళ్లు!" అని అరిచాను. చెంబుతో నీళ్లు పోసింది ఆ అమ్మాయే.

అప్పుడే అక్కయ్య గుమ్మంలోకి వచ్చింది. కుంపటి చూసింది. అక్కడే చతికిలబడి పిడకను రెండుగా విరిచింది. అంచున గింజలన్నీ బొగ్గులు. లోపల మాత్రం పేడ ఇంకా కాలలేదు. అందులో తెల్లగా కాసిని గింజలు.

"చచ్చిపోయాయాండీ అత్తయ్యగారూ?" కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"గింజ చావూ బతుకూ పైకి తెలుస్తాయటే? ఊరుకో, బాలింత బెదురుతుంది." నావైపు తిరిగింది. "తడిశాయిరా. ఇంక దాస్తే బూజే. ఇవాళో రేపో మట్టిలో పడాలి."

గట్టు వైపు చూసింది. ఈ ఏడూ అక్కడ మట్టి లేదు. నీళ్లే.

నేను గొంతు సవరించుకున్నాను. "మా డాబా మీద నీళ్లు నిలవవే అక్కా."

అక్కయ్య లేచింది. పాత చీర చింపి, తడిపి, గింజలు మూటగట్టింది. ఇంట్లో నా చేతికివ్వలేదు. తానే గడప దాటి వీధిలోకి వచ్చి, అక్కడ నా చేతిలో పెట్టింది.

"నేనిచ్చానని ఊరంతా చెప్పుకోకు. వరదొచ్చి ఇప్పించింది."

తిరుగు బస్సులో గుండుగొలను దగ్గర పక్కసీటాయన "ఏంటండీ, ప్రసాదమా?" అన్నాడు. "బంగారమండి" అన్నాను. మూట వాసన తగిలి వేరే సీటుకు పోయాడు.

ఎన్ని మొలిచాయంటే అన్నీ అని చెబుతాను. మూడు. వాటిలో ఒకటి, నిప్పు తాకి గోధుమరంగు మచ్చపడిన తన పెంకును టోపీలా నెత్తిన పెట్టుకుని వంగిన మెడతో లేచింది. పొద్దున్నే చూసి కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. నిప్పుల్లోంచి, వరదలోంచి, బస్సులోంచి వచ్చిన గింజ. ఎటు లేవాలో దానికెవరు చెప్పారు? మధ్యాహ్నానికి ఆ టోపీ రాలి, రెండాకులు విచ్చుకున్నాయి. నా డెబ్బయ్యేళ్ల గొప్పలన్నీ పోగేసినా ఆ ఆకంత కావనిపించింది. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

పక్క డాబా మీద హైబ్రిడ్ దోస ఉంది. తేనెటీగలు ఆ పుప్పొడి తెస్తే గింజ కలగలిసిపోతుందని మా కోడలి భయం. విచ్చుకోబోయే పూలకు సాయంత్రమే పల్చటి గుడ్డసంచులు కట్టింది. తెల్లారాక మగపువ్వును ఆడపువ్వుకు తాకించి, మళ్లీ సంచి కట్టేసింది. ఆ పని నేనే చేశానని పార్కులో చెప్పాను. నేను గొడుగు పట్టుకున్నాను.

నిలబడ్డ కాయకు అక్కయ్య చీరపేలికే కట్టాను. పండాక కబురు పెడితే గూడెం వచ్చింది. మా కోడలు ముక్క కోసిచ్చింది. అక్కయ్య నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"చెప్పవే!"

"ఉండరా. చేదు ఆలస్యంగా వస్తుంది."

మా కోడలు చాకు పట్టుకుని అలాగే నిలబడింది. అక్కయ్య మింగింది. ఇంకో ముక్క తీసి నా నోట్లో పెట్టింది. "గట్టు మీది కాయే" అంది. కళ్లు తుడుచుకుని, "పేడేదిరా?" అంది.

మా కోడలు లోపలికెళ్లి ఆన్‌లైన్‌లో తెప్పించిన పిడకల ప్యాకెట్ తెచ్చింది. "ఇవి పనికొస్తాయాండీ పెద్దమ్మగారూ?"

"పిడకలు కూడా కొంటారటే!" అక్కయ్య నవ్వి నవ్వి దగ్గింది. చివరికి, గింజలారిన రోజున పాలాయన ఇంటినుంచి బకెట్టుతో పచ్చిపేడ తెచ్చాం. అక్కయ్య అందులో గింజలు కలిపి, పిట్టగోడ లోపలివైపు, మెట్లగది నీడన వరసగా పిడకలు కొట్టింది.

"ఇన్నెందుకే అక్కా?"

"దెందులూరు కూతురికొకటి. నా కోడలికొకటి. నువ్వు మాటిచ్చిన ఆ మేనేజరు గారికొకటి. ఒక్క గోడ మీదే ఉంచాననే కదరా, ఒక్క నిప్పుకు పోబోయింది."

ఒక్కొక్కదాని మీద బొటనవేలు నొక్కుతూ వచ్చి, మూల పిడక దగ్గర ఆగింది. "ఇది నీ ఇంట్లో ఉండేది. నువ్వు నొక్కు."

చెయ్యి కడుక్కుని నొక్కాను. పేడ ఇంకా వెచ్చగా ఉంది.

డాబా చూడ్డానికి వచ్చినవాళ్లకు గుర్తులన్నీ నావేనని చెబుతుంటాను. మూలది ఒక్కటే నాది.