జన్మహక్కూ, పదకొండో నంబరూ

పోయిన శనివారం నేను చేసిన నిర్వాకం వింటే ఇకమీదట నన్నెవరూ ఏ ఫంక్షన్‌కీ పిలవరు. అయినా నేనే చెప్పేస్తాను. మా కోడలి నోటివెంట వింటే దానికి ఇంకొంచెం మసాలా కలుస్తుంది.

ఈమధ్య నాకు మతిమరుపు భయం పట్టుకుంది. మతిమరుపు ఉందో లేదో తెలీదు గానీ, భయం మాత్రం నిండుగా ఉంది. ఆమధ్య ఇస్త్రీకి బట్టలు ఎవరికిచ్చానో గుర్తురాక, మా భవానీపురంలో ఉన్న రెండు ఇస్త్రీ బళ్ళ దగ్గరా దెబ్బలాడి వచ్చాను. తీరా చూస్తే బట్టలు మా మంచం మీదే ఉన్నాయి. ఆ రోజు మా కోడలు మాధవి, "ఇంకోసారి ఇలాంటిది జరిగితే డాక్టర్‌కి చూపించుకుందాం అత్తయ్యా" అంది. మెల్లగానే అంది. అది మెల్లగా మాట్లాడిందంటే నాకు ఇంకా భయం.

అలాంటి రోజుల్లో మా మనవరాలు లహరి స్కూల్లో స్పీచ్ కాంపిటీషన్ అంటూ వచ్చింది. అయిదో క్లాసు. ఒక నాయకుడి వేషం వేసుకుని, ఆయన అన్న గొప్ప మాట గురించి మాట్లాడాలట. స్వరాజ్యం నా జన్మహక్కు అన్నారే, తలపాగా, గుబురు మీసాల పెద్దాయన, ఆయన్ని ఇచ్చారు వీళ్ళ క్లాసుకి.

మాధవి ఫోన్లో వెతకబోతుంటే నేను అడ్డుపడ్డాను. "ఫోనెందుకు? నేను రాస్తాను" అన్నాను. నేను బడికెళ్ళింది తక్కువే. మా చీరల కొట్లో బేరాల్లేనప్పుడు దొరికిన పుస్తకమల్లా చదువుకుని, ఈ మాత్రం నేర్చుకున్నాను. ఈ స్పీచ్ రాసి, పిల్లకి నేర్పగలిగితే నా బుర్ర బాగానే ఉన్నట్టే కదా అని లోపల ఒక ఆశ.

స్పీచ్ బాగానే కుదిరింది. చిక్కల్లా ఒక్కచోటే. "అప్పుడాయన ఏమన్నారంటే..." అని లహరి చెయ్యి పైకెత్తుతుంది. అక్కడ ఆగిపోతుంది. చెయ్యి పైనే ఉంటుంది, మాట మాత్రం రాదు. నేను "స్వరాజ్యం" అని అందిస్తే చాలు, మిగతాదంతా గడగడా చెప్పేస్తుంది.

"నానమ్మా, నువ్వు ముందు వరసలో కూర్చుని ఆ ఒక్క మాట అందిస్తావా?"

"అందిస్తానే."

"మర్చిపోవుగా?"

పిల్ల మామూలుగానే అడిగింది. నాకే ఇస్త్రీ బట్టలు గుర్తొచ్చాయి.

ఇక అప్పట్నుంచి అదే జపం. పప్పు మెదుపుతూ అదే, పూలు కడుతూ అదే. పాలాయన "రేపు ఎన్ని ప్యాకెట్లమ్మా?" అంటే "స్వరాజ్యం నా జన్మహక్కు" అన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఎప్పుడూ వేసేవే వేస్తానని వెళ్ళిపోయాడు.

శనివారం మేకప్ చేయించాలని మాధవి పిల్లని ఎక్కించుకుని స్కూటీ మీద ముందే బయల్దేరింది. "మీరు ఆటోలో వచ్చేయండి అత్తయ్యా. లహరి నంబరు పదకొండు. మన బ్రాంచిలో హాల్లేదని గొల్లపూడి బ్రాంచిలో పెట్టారు. గుర్తుంటుందా?"

"ఆ మాత్రం గుర్తుండదా?" అన్నాను.

ఆటో ఎక్కి స్కూలు పేరు చెప్పాను. "ఏ బ్రాంచి అమ్మగారూ?" అన్నాడు డ్రైవరు. బెజవాడలో ఆ స్కూలుకి సందుకొక బ్రాంచి ఉంది. నా నోట్లో స్వరాజ్యం ఉంది, పదకొండు ఉంది, బ్రాంచి పేరు మాత్రం లేదు. మాధవికి ఫోన్ చేస్తే క్షణంలో తేలిపోయేది. ఫోన్ బయటికి తీశాను కూడా. డాక్టర్ గుర్తొచ్చి మళ్ళీ సంచిలో పెట్టేశాను.

"అదే బాబూ, పెద్ద హాలుంటుంది చూడూ" అన్నాను.

"అయితే పటమటండి" అన్నాడు. అతని ధీమా చూసేసరికి నాక్కూడా పటమటేననిపించింది.

దారంతా జపం ఆపలేదు. బెంజి సర్కిల్ దగ్గర అతను అద్దంలోంచి నన్ను చూసి, "ధర్నా ఏమన్నా ఉందా అమ్మగారూ? ఉంటే చెప్పండి, ఈ పక్కనే దింపేస్తాను" అన్నాడు.

హాలు పెద్దదే. అమ్మయ్య అనుకున్నాను. ముందు వరసలో చోటు సంపాదించాను. వేదిక పక్కన పిల్లలందరికీ అవే తలపాగాలు, అవే మీసాలు. ఒకే కొట్లో అద్దెకి తెచ్చినట్టున్నారు. పైగా ఎవరి పిల్లలో జడ్జీలకి తెలియకూడదని పేర్లు చదవరట, నంబర్లే పిలుస్తారట. మాధవి కనపడలేదు. లోపల పిల్ల దగ్గర ఉందనుకున్నాను.

నా పక్కన బురఖాలో ఉన్న ఒకావిడ చేతులు నలుపుకుంటోంది. "మా పాపకి చాలా భయమండీ" అంది.

"మా పిల్లకీ అంతేనమ్మా. అందుకే అందించడానికి నేనొచ్చాను" అని ధైర్యం చెప్పాను.

పదకొండో నంబరు పిలిచారు. పిల్ల వచ్చింది. అదే ఎత్తు, అదే నడక. మొహంలో సగం మీసమే ఉంది. మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఒక్క ముక్క కూడా నేను రాసింది కాదు. అంటే ఏమిటి? నేను రాసిందే నాకు గుర్తులేదా? ఇంత దూరం వచ్చేసిందా నా జబ్బు?

ఇంతలో ఆ పిల్ల "అప్పుడాయన ఏమన్నారంటే" అని చెయ్యెత్తి ఆగిపోయింది.

ఒక్క మాట మెల్లగా అందించడానికి వచ్చినదాన్ని. వారం రోజుల జపం కదా, లేచి నిలబడి మొత్తం వాక్యం గొంతు చించుకుని అరిచాను. హాలంతా మారుమోగింది. పిల్ల బెదిరిపోయి, ఆనక అందుకుని, చకచకా ముగించేసింది. చప్పట్లే చప్పట్లు.

"మా మనవరాలు" అన్నాను గర్వంగా.

బురఖా ఆవిడ నాకేసి వింతగా చూసింది. "మా పాపండీ" అంది.

"కాదమ్మా, పదకొండు మాది."

"మాదేనండీ. నేనే కన్నాను."

ఆ పిల్ల దిగి వచ్చి మీసం పీకేసి, "అమ్మీ, ఈవిడెవరు?" అంది. నేను ఆ మొహంలో లహరిని వెతికాను. లహరి మొహం గుర్తుతెచ్చుకోబోతే రాలేదు. నిజంగా రాలేదండీ. అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద లహరి ఫొటో. హమ్మయ్య, ఇదీ మా పిల్ల, అని అక్కడే కూలబడ్డాను.

"అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"ముందు వరసలోనే ఉన్నానమ్మా."

"ముందు వరసలో నేనున్నాను."

పక్కావిడే ఫోన్ తీసుకుని సంగతి చెప్పింది. ఈ పోటీ అన్ని బ్రాంచిల్లోనూ అదే రోజు, అదే పెద్దాయన మీద పెట్టారట. వాళ్ళ పాపకి ఫస్ట్ ప్రైజ్. నా అరుపు కూడా స్పీచ్‌లో భాగమే అనుకున్నారట జడ్జీలు. గొల్లపూడిలో మా లహరి మామూలుగానే చెయ్యెత్తి ఆగిపోయిందట. ఖాళీ కుర్చీ చూసి, "మా నానమ్మ ఇంకా రాలేదండీ, కొంచెం ఆగుతారా?" అని మైకులో అడిగిందట. అందరూ నవ్వేసరికి దానికీ నవ్వొచ్చి, ఆ నవ్వులో మాట గుర్తొచ్చేసిందట. సెకండ్ ప్రైజ్.

"నువ్వు రాకపోయినా చెప్పాను తెలుసా?" అంది ఇంటికొచ్చాక. ఆ తర్వాత నా ఒళ్ళో దూరి, "అయినా వాళ్ళకెందుకు చెప్పావు?" అని ఏడ్చింది.

సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ఉరికంబం ఎక్కుతున్నట్టే మాధవి స్కూటీ ఎక్కాను. ఆయన మూడు మాటలు చెప్పి, అవీ ఇవీ మాట్లాడి, మళ్ళీ అడిగారు. వరసగా చెప్పాను. తిరగేసి కూడా చెప్పాను. తేదీ, వారం, మా ఇంటి దారి, అన్నీ చెప్పాను. "మీకు మతిమరుపు లేదమ్మా, ఉన్నదంతా భయమే. హాయిగా వెళ్ళండి" అన్నారు.

ఆ మాటతో ఒళ్ళు గాల్లో తేలింది. బయటికొచ్చి ఆటో ఎక్కాను. ఈసారి అడ్రసు తడుముకోకుండా చెప్పి, దర్జాగా ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, టీ కూడా పెట్టుకున్నాను. సగం తాగానో లేదో, ఫోన్ మోగింది.

"అత్తయ్యా, ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనమ్మా. నువ్వింకా రాలేదేం?"

"హాస్పిటల్లోనే ఉన్నాను అత్తయ్యా. మీరు బాత్రూంకి వెళ్ళారనుకుని బయట కూర్చున్నాను" అంది మాధవి. చాలా మెల్లగా అంది.