పొయ్యి గది వెల్కా

మా ఊరి పఠనమందిరంలో పైన పెద్ద హాలు ఉంది. ఎర్ర ముఖమల్ తెర, గాజు దీపాల గుత్తి, చలికాలంలో ఎముకలు కొరికే చలి. కింద వెనకవైపు ఉన్నది పొయ్యి గది. వెల్కా పాటల బృందం ఏళ్ల తరబడి సాధన చేసేది అక్కడే. వెల్కా జున్ను తయారీ కేంద్రంలో పనిచేసి రిటైరైంది. గొంతు ఇప్పుడు కాస్త బొంగురుపోయింది గానీ, పాట ఎత్తుకునే పని మాత్రం ఇంకొకరికి వదల్లేదు.

మందిరం కొత్త అధ్యక్షుడు లాచెజార్ కన్ను ఆ గది మీద పడింది. వెచ్చని గది లేని అధ్యక్షుణ్ణి ఎవరు ఖాతరు చేస్తారని అతని బాధ. బృందాన్ని పైకి తరలించాలని తీర్మానం రాసి, ఫిబ్రవరిలో సభ్యుల సమావేశం పెద్ద హాల్లో పెట్టాడు. చలికి ముసలివాళ్లు రారని అతని లెక్క. సగం మంది రాకపోతే గంట ఆగి, ఉన్నవాళ్లతోనే జరపవచ్చని మా నియమం. ఆ గంటసేపు జనం ఎక్కడ కూర్చుంటారన్నది మాత్రం అతనికి తట్టలేదు.

అనుకున్నట్టే సగం మంది రాలేదు. లాచెజార్ గంట విరామం ప్రకటించగానే వచ్చినవాళ్లంతా వాసన పట్టుకుని కిందికి దిగారు. వెల్కా పొద్దున్నే పొయ్యి రాజేసి, జున్ను పెట్టిన పొరల రొట్టె, బానిత్సా, పళ్లేలకు పళ్లేలు కాల్చి ఉంచింది.

"పైన ఎలా ఉందిరా గెంచో?" అని అకార్డియన్ వాయించే ముసలాయన్ని అడిగింది.

"శవాన్ని పెడితే వేసవి దాకా చెడదు."

"అయితే ముందు నిన్నే పెడతాం. తిను."

గెంచో తిని అకార్డియన్ అందుకున్నాడు. వెల్కా పాట ఎత్తుకుంది. అది విని, ఇళ్లలో ముసుగుతన్నిన సభ్యులు కూడా ఒక్కొక్కరే వచ్చి చేరారు.

గంట గడిచింది. పైన లాచెజార్ గంట మోగించాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ మోగించాడు. చివరికి తనే దిగొచ్చాడు, ముక్కు ఎర్రగా కందిపోయి.

"సమావేశం పైన కదా, పిన్నీ."

"జనం ఇక్కడున్నారు లాచో. పైన ఎవరితో పెడతావు?"

"అధ్యక్షుడు కూర్చున్నచోటే సమావేశం," అన్నాడు బిగుసుకుపోయి.

"అంతే కదా. కూర్చో మరి." పొయ్యి పక్కకి స్టూలు లాగింది. అతను ఒక్క క్షణం తటపటాయించి కూర్చున్నాడు. వెంటనే ఒళ్లో వేడి పళ్లెం పడింది.

"సమావేశం మొదలైంది," అని ప్రకటించాడు గెంచో.

లాచెజార్ తీర్మానం చదివాడు. పాటలవాళ్లు పైకి పోవాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. తనైనా ఎత్తుదామంటే లాచెజార్ రెండు చేతులూ పళ్లెం మీదే ఉన్నాయి.

ఇప్పుడు అధ్యక్షుడి బల్ల కూడా పొయ్యి గదిలోనే, కిటికీ మూల ఉంది. రెండు షరతుల మీద వెల్కా ఒప్పుకుంది. పాట మొదలైతే ఫోను మాట్లాడకూడదు, కట్టెలు అతనే మోసుకురావాలి. నిన్న తడి కట్టెలు తెచ్చి చీవాట్లు తిన్నాడు.